తెలుగు మీడియం నుంచి ఏటీసీ ట్రైనింగ్‌కి: ఇంగ్లీషులో ఎక్కడ తడబడతాం, ఎలా సరిచేసుకోవాలి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మీడియం. బీఎస్సీ తర్వాత జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఏటీసీకి (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఎంపికయ్యాను. ఇంకో నాలుగు నెలల్లో ట్రైనింగ్. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే టెన్షన్. లెవెల్ 4 రావాలంటున్నారు, అదేంటి? నా యాస వల్ల ఫెయిల్ అవుతానా? అమీర్‌పేటలో మూడు నెలల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరమంటున్నారు, చేరనా? మా బావ పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు, అతనిదీ ఇదే బాధ. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సమాధానం:

మీ ప్రశ్న చదువుతుంటే 1989లో అలహాబాద్ ట్రైనింగ్ కాలేజీలో అడుగుపెట్టిన రోజు గుర్తొచ్చింది. నాదీ తెలుగు మీడియమే, పశ్చిమగోదావరిలో ఒక చిన్న ఊరు. ముప్పై ఏళ్లకు పైగా టవర్‌లో, అప్రోచ్‌లో, ఏరియా కంట్రోల్‌లో పనిచేసి రిటైరయ్యాను. చివరి పదేళ్లు కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వడం, భాషా పరీక్షల్లో రేటింగ్ ఇవ్వడం కూడా చేశాను. కాబట్టి బల్లకు రెండు వైపులా కూర్చున్న అనుభవంతో చెప్తున్నాను.

ముందు యాస సంగతి. యాస వల్ల ఎవరూ ఫెయిల్ అవరు. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పెట్టిన కొలబద్దలో ఆరు మెట్లున్నాయి, నాలుగోది 'ఆపరేషనల్'. విదేశీ విమానాలతో మాట్లాడే కంట్రోలర్‌కైనా, విదేశాలకు ఎగిరే పైలట్‌కైనా కనీసం అది ఉండాలి. ఉచ్చారణ గురించి నాలుగో మెట్టులో రాసిందేమిటంటే, మాతృభాష ప్రభావం ఉండొచ్చు, కానీ దానివల్ల ఎదుటివాళ్లకు అర్థం కావడం అప్పుడప్పుడు మాత్రమే కష్టమవ్వాలి. అంటే మీరు శ్రీకాకుళం మనిషిలాగే మాట్లాడొచ్చు, కాకపోతే కొరియా పైలట్‌కి, అరబ్ పైలట్‌కి మీ మాట తెలియాలి. చూసేది ఆరు విషయాలు: ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళత, వినికిడి అవగాహన, సంభాషణలో స్పందన. వీటిలో ఏది తక్కువైతే అదే మీ లెవెల్. ఐదింటిలో 5 వచ్చి ఒక్కదాంట్లో 3 వస్తే మీరు లెవెల్ 3 కిందే లెక్క. అందుకే ఒక్క ఉచ్చారణ మీదే నెలల తరబడి కూర్చోవడం తెలివైన పని కాదు. లెవెల్ 4 వస్తే మూడేళ్లకోసారి, 5 వస్తే ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష పెట్టాలని ఐకావో సిఫార్సు, 6 వస్తే ఇక అక్కర్లేదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఇన్నేళ్లలో నేను చూసిన తెలుగు పిల్లల్లో ఎక్కువమందిని దెబ్బతీసింది గ్రామర్ కాదు, యాస కాదు. మొహమాటం. అర్థం కాకపోయినా అయినట్టు తల ఊపడం. "మళ్లీ అడిగితే ఏమనుకుంటారో, చులకనైపోతామేమో" అనే భయం. పెళ్లి భోజనంలో "చాలు" అనలేక ఇంకో వడ్డన వేయించుకున్నట్టు రేడియోలో "అర్థం కాలేదు" అనలేక "రోజర్" అనేస్తాం. రోజర్ అంటే "మీరు చివరగా చెప్పినదంతా అందింది" అని అర్థం, ఇంకేమీ కాదు. అందకుండా రోజర్ అంటే అబద్ధం చెప్పినట్టే.

నాకు జరిగిందే చెప్తాను. ట్రైనింగ్ అయ్యాక ఒక విమానాశ్రయంలో ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పనిచేస్తున్న తొలి రోజులు. రాత్రి పూట ఒక విదేశీ విమానం బయల్దేరి పైకెక్కుతోంది. పైలట్ గబగబా ఏదో అన్నాడు. అందులో నాకు తెలిసిన ముక్క "పాసెంజర్ హ్యాజ్ పాస్డ్ అవుట్". మన దగ్గర పాస్డ్ అవుట్ అంటే ఏమిటి? డిగ్రీ పాసై బయటకు రావడం. "నేను ఫలానా సంవత్సరం పాస్డ్ అవుట్" అనే కదా మనం అంటాం. ప్రయాణికుడు పాసవడమేమిటో నాకు అందలేదు. రోజర్ అని ఊరుకున్నాను. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ వెంటనే మైకు తీసుకుని, వైద్య సహాయం కావాలా, మీ ఉద్దేశమేమిటో చెప్పండి అని అడిగారు. పైలట్ వెనక్కి వస్తానన్నాడు. ప్రయాణికుడు స్పృహ తప్పి పడిపోయాడు. అంబులెన్స్ సమయానికి వచ్చింది, ఆయన బతికాడు. డ్యూటీ అయ్యాక ఇన్‌స్ట్రక్టర్ నన్ను తిట్టలేదు. "ఆ మాటకు అర్థం తెలియకపోవడం తప్పు కాదు, తెలియనప్పుడు అడక్కపోవడం తప్పు" అన్నారు, అంతే. ఆ రాత్రి తర్వాత నేను "సే అగైన్" (మళ్లీ చెప్పండి) అనడానికి ఎప్పుడూ వెనకాడలేదు.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. ఐకావో లెవెల్ 4 వివరణలోనే ఉంది: భాష చిక్కుగా ఉన్నప్పుడు, అనుకోని పరిస్థితి వచ్చినప్పుడు అర్థం చేసుకోవడం నెమ్మదించవచ్చు, స్పష్టత కోసం అడగాల్సి రావచ్చు. అపార్థం జరిగిందనిపిస్తే సరిచూసుకుని, నిర్ధారించుకుని, వివరణ అడిగి సరిదిద్దుకోగలగాలి. అంటే అడగడం బలహీనత కాదు, మార్కులొచ్చే నైపుణ్యం. రేటర్‌గా కూర్చున్నప్పుడు నేను వెతికిందీ అదే. ప్రశ్న అర్థం కాక నీళ్లు నమిలిన అభ్యర్థికంటే "డు యూ మీన్ ద లెఫ్ట్ ఇంజిన్?" అని సూటిగా అడిగిన అభ్యర్థికి ఎక్కువ వేశాను.

అడక్కపోతే ఏమవుతుందో ఈ వృత్తిలో అందరికీ తెలిసిన కథలున్నాయి. మీరూ వివరంగా చదవండి. 1995 డిసెంబర్ 20న మయామీ నుంచి కొలంబియాలోని కాలీకి వెళ్తున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 965 కొండను ఢీకొంది. 159 మంది పోయారు. పైలట్లు అడుగుతున్నది, వాళ్లున్న చోటు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని కాలీ కంట్రోలర్‌కి అనుమానం వచ్చింది. కానీ ఆ అనుమానాన్ని మామూలు ఇంగ్లీషులో ప్రశ్నగా పెట్టే శక్తి తనకు లేకపోయిందని ఆయన విచారణలో చెప్పాడు. వాళ్లు స్పానిష్ మాట్లాడేవాళ్లయితే అడిగేవాణ్నన్నాడు. ప్రమాదానికి మూలం కాక్‌పిట్‌లో జరిగిన పొరపాటే, ఆ కంట్రోలర్‌ని నేను నిందించను. కానీ ఆయన ఫ్రేజియాలజీలో (రేడియోలో వాడే నిర్ణీత మాటలు) పక్కా, ఆ రోజు దాన్ని దాటి ఒక్క మామూలు ప్రశ్న కావాల్సి వచ్చింది. మీ తయారీలో ఈ రెండో ఇంగ్లీషుని, అంటే మామూలు ఇంగ్లీషుని, మరిచిపోవద్దని చెప్పడానికే ఈ ఉదాహరణ.

పైలట్ వైపు నుంచి ఇలాంటిదే కొలంబియా విమానం అవియాంకా 52 కథ. 1990 జనవరి 25, న్యూయార్క్. వాతావరణం బాగాలేక గంటకు పైగా గాలిలోనే తిప్పారు. ఇంధనం అయిపోవస్తోంది. ఎమర్జెన్సీ అని చెప్పమని కెప్టెన్ కో-పైలట్‌తో అన్నాడు. కో-పైలట్ రేడియోలో అన్నది "వుయార్ రన్నింగ్ అవుట్ ఆఫ్ ఫ్యూయెల్". అది కూడా ఏదో మామూలు విషయం చెప్తున్నట్టు, వేరే మాటల చివర. "ఎమర్జెన్సీ" అనలేదు, ప్రమాదంలో ఉన్నామని తెలిపే "మేడే" అనలేదు. కంట్రోలర్‌కి ఆ తీవ్రత అందలేదు. విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలి 73 మంది చనిపోయారు. మీ బావకి ఇది తప్పకుండా చెప్పండి. ఇప్పుడు నియమాలు స్పష్టంగా ఉన్నాయి: ఇంకేమాత్రం ఆలస్యమైనా చివరి నిల్వలోకి (ముట్టుకోకుండా ఉంచాల్సిన ఆఖరి ఇంధనం) వెళ్లాల్సి వస్తుందంటే "మినిమమ్ ఫ్యూయెల్", దిగేసరికి చివరి నిల్వకంటే తక్కువే మిగులుతుందని లెక్క తేలితే "మేడే మేడే మేడే ఫ్యూయెల్". సంస్కారం, మర్యాద అని చుట్టూ తిప్పి చెప్పే చోటు కాదది.

హర్యానాలోని చర్ఖీ దాద్రీ ప్రమాదం మన దేశంలోనే జరిగింది, 1996 నవంబర్ 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి పైకి వెళ్తున్న సౌదీ 747, కిందకు దిగుతున్న కజక్ ఇల్యూషిన్ 76 ఎదురెదురుగా ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానానికి ఫ్లైట్ లెవెల్ 140 (సుమారు 14,000 అడుగుల ఎత్తు), కజక్ విమానానికి 150 ఇచ్చారు. కజక్ విమానం 150 దగ్గర ఆగకుండా దిగిపోయింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా రాక కంట్రోల్ సూచనలను తప్పుగా అర్థం చేసుకోవడం ఒక కారణంగా విచారణ కమిషన్ పేర్కొంది. ఆ రాత్రి నేను బేగంపేటలో డ్యూటీలో ఉన్నాను. టెలిఫోన్‌లో కబురొచ్చాక కంట్రోల్ రూమ్‌లో ఎవరికీ నోట మాట రాలేదు. ఆ తర్వాత 1998లో ఐకావో సర్వసభ్య సమావేశం భాషా ప్రమాణాలను పటిష్ఠం చేయాలని తీర్మానించింది, 2003లో నియమాలు వచ్చాయి, 2008 మార్చి 5 నుంచి అమలు. బేగంపేట నుంచి శంషాబాద్‌కి విమానాలు మారింది కూడా ఆ నెలే, మార్చి 23న. అందుకే ఆ నెల నాకు బాగా గుర్తు: ఒక పక్క కొత్త టవర్, ఇంకో పక్క భాషా పరీక్షలు.

మరి రేడియోలో హిందీలోనో, ఎవరి భాషలో వాళ్లో మాట్లాడుకుంటే పోలేదా అని నన్ను చాలామంది అడిగారు. 1976 సెప్టెంబర్ 10న అప్పటి యుగోస్లావియాలోని జాగ్రెబ్ మీద రెండు విమానాలు ఢీకొని 176 మంది పోయినప్పుడు, చివరి క్షణాల్లో కంట్రోలర్ స్థానిక విమానంతో తమ భాషలో మాట్లాడాడు. ఎదురుగా వస్తున్న బ్రిటిష్ సిబ్బందికి అది అర్థమయ్యే అవకాశమే లేదు. రేడియోలో మీరు ఒకరితో మాట్లాడుతుంటే పదిమంది వింటారు, ఆ వినడమే వాళ్లకు కళ్లు. అందరికీ తెలిసిన భాష ఒకటి ఉండాలనేది అందుకే.

ఇక మన తెలుగు నోటికి ప్రత్యేకంగా వచ్చే చిక్కులు. వీటిని పుస్తకాలు చెప్పవు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లీషు మాటల చివర కూడా ఒక 'ఉ' తగిలిస్తాం: రైటు, లెఫ్టు, హెడింగు, ఎయిటు. ఇంట్లో ఏ నష్టమూ లేదు. రేడియోలో, రొదలో, విదేశీ చెవికి 'ఎయిటు' అన్నది 'ఎయిట్ టూ'లా వినిపించే ప్రమాదముంది. 'టూ' ఎంత ప్రమాదకరమో చూడండి. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర ఫ్లయింగ్ టైగర్ 66 అనే సరుకు విమానానికి కంట్రోలర్ 2400 అడుగులకు దిగమని చెప్తూ "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో" అన్నాడు. సిబ్బంది మొదటి 'టూ'ని అంకెగా కాకుండా 'కు' అనే అర్థంలో తీసుకుని 400 అడుగులకు దిగబోయారు. "ఫోర్ జీరో జీరో" అని తిరిగి చెప్పారు కూడా, అది తప్పని పట్టుబడలేదు. కొండను ఢీకొని నలుగురూ పోయారు. 'ఆల్టిట్యూడ్' అనే మాట చేర్చి, "టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్ ఫీట్" అని పూర్తిగా చెప్పే పద్ధతిని ఎప్పుడూ వదలొద్దు. చివరి 'ఉ'ని తీసేయడానికి ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసి వినడమే మందు. వినకముందు మనం అలా అంటున్నామని మనకే తెలియదు.

రెండోది, మాట మొదట్లో 'య' చేరడం: యెయిట్, యెగ్జిట్, యెంజిన్. మూడోది, ఇంగ్లీషు జెడ్ అక్షరం శబ్దం మనకు లేదు, 'జీరో'ని 'జలం'లోని జ-తో పలుకుతాం. పళ్ల మధ్య గాలి ఆడించి పలకడం వారంలో వస్తుంది. డబ్ల్యూ, వీ తేడా ఇంకాస్త కష్టం, పెదవులు గుండ్రంగా చుడితే డబ్ల్యూ, పై పళ్లు కింది పెదవికి తగిలితే వీ. 'విస్కీ', 'విక్టర్' రెండూ ఐకావో అక్షరమాలలో (రేడియోలో ఒక్కో అక్షరానికి ఒక్కో మాట) ఉన్నాయి కాబట్టి వాటితోనే సాధన చేయండి. ఒక విషయంలో మాత్రం మనకు కలిసొచ్చింది. మూడు అంకెని 'ట్రీ' అని పలకమని ఐకావో నియమం, ఎందుకంటే ప్రపంచంలో చాలా భాషలకు 'త్రీ' మొదట్లోని ఇంగ్లీషు 'th' శబ్దం లేదు. కాబట్టి ఆ శబ్దం రాలేదని మీరు బాధపడక్కర్లేదు. అలాగే ఐదు 'ఫైఫ్', తొమ్మిది 'నైనర్', ఎందుకంటే రొదలో ఫైవ్, నైన్ కలిసిపోతాయి. 'అవును' అనడానికి 'అఫర్మేటివ్' అనకుండా 'అఫర్మ్' అనడం కూడా అంతే, మొదటి భాగం తెగిపోతే 'నెగెటివ్' (కాదు) తోకే వినిపిస్తుంది.

నాలుగోది వేగం. మనం గబగబా మాట్లాడతాం, అది చురుకుదనం అనుకుంటాం. నిమిషానికి 100 మాటలు మించొద్దని ఐకావో నియమం. గడియారం పెట్టుకుని చదవండి, అది ఎంత నెమ్మదో తెలిసి ఆశ్చర్యపోతారు. కంట్రోలర్‌గా మీరు ఎంత వేగంగా చెప్తే పైలట్ అంత వేగంగా బదులిస్తాడు, తర్వాత ఇద్దరూ "సే అగైన్" అనుకుంటూ టైమ్ పోగొట్టుకుంటారు. ఒకే గుక్కలో హెడింగ్ (వెళ్లాల్సిన దిక్కు), లెవెల్, స్పీడ్, ఫ్రీక్వెన్సీ, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే పరికరంలో పెట్టుకునే గాలి పీడనం) అన్నీ కుమ్మరించకండి. రెండుగా విడగొట్టండి.

ఐదోది లోతైనది, వాక్య క్రమం. తెలుగులో క్రియ చివర వస్తుంది: "ఎడమవైపు రెండు ఏడు సున్నాకి తిరగండి". ఇంగ్లీషులో, అందులోనూ ఫ్రేజియాలజీలో, క్రియ ముందు: "టర్న్ లెఫ్ట్ హెడింగ్ టూ సెవెన్ జీరో". తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చేవాళ్లకు ఆ మార్పిడిలో ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఖాళీలో "ఆ... ఆ..." వస్తుంది. ధారాళత మార్కులు పోయేది అక్కడే. దీనికి నేను నేర్పే చిట్కా ఒకటే: రోజూ చేసే పనులకు మనసులో క్రియతో మొదలుపెట్టి ఇంగ్లీషులో ఆదేశాలిచ్చుకోండి. తలుపు తీస్తూ "ఓపెన్ ద డోర్", మెట్లెక్కుతూ "క్లైంబ్", సందు తిరుగుతూ "టర్న్ రైట్". రెండు వారాలకు నాలుకకు క్రియ ముందు రావడం అలవాటవుతుంది. స్పెయిన్ దీవి టెనెరిఫ్‌లో 1977 మార్చి 27న రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయిన ప్రమాదంలో డచ్ కో-పైలట్ అన్న "వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అనే వాక్యంలో అతని మాతృభాష వాక్య నిర్మాణం ఉందని కొందరు భాషావేత్తల అభిప్రాయం. టేకాఫ్ చేస్తున్నామని అతని భావం, టేకాఫ్ స్థానంలో ఉన్నామని కంట్రోలర్ తీసుకున్నాడు. అప్పటినుంచే 'టేకాఫ్' అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడొద్దనీ, మిగతా అన్నిచోట్లా 'డిపార్చర్' అనాలనీ నియమం వచ్చింది.

ఇక రోజువారీ సాధన. ఖర్చులేని పని చెప్తాను. బస్సులో వెళ్తూ కనిపించిన ప్రతి నంబర్ ప్లేటునీ ఐకావో అక్షరమాలలో చదవండి. ఏపీ 39 అంటే "ఆల్ఫా పాపా ట్రీ నైనర్". బండి దాటిపోయేలోగా నోటికి వచ్చేయాలి. నెల తిరిగేసరికి ఆలోచించకుండా వస్తుంది. ఆలోచన మిగతావాటికి మిగలాలి కదా.

ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే రోజూ పావుగంట వాళ్లను పైలట్ చేయండి. మీరు ఒక ఆదేశం ఇవ్వండి, వాళ్లు తిరిగి చెప్పాలి, మధ్యమధ్యలో కావాలనే ఒక అంకె మార్చి చెప్పాలి. మీరు పట్టుకుని "నెగెటివ్" అని సరిదిద్దాలి. దీన్ని మేం హియర్‌బ్యాక్ అంటాం. రీడ్‌బ్యాక్ (పైలట్ తిరిగి చెప్పేది) వినడం అంటే మన మాట మనకే తిరిగొస్తోందని చెవి సడలించే చోటు, ఫ్లయింగ్ టైగర్‌లో తప్పిపోయింది అక్కడే. కంట్రోలర్‌కి ఇంగ్లీషు మాట్లాడటంకంటే ఇంగ్లీషు వినడం పెద్ద పని. నేను నాలుగు నెలల్లో మూడొంతుల టైమ్ వినడానికే ఇవ్వమంటాను.

వినడానికి లైవ్ ఏటీసీ లాంటి చోట్ల విదేశీ విమానాశ్రయాల రికార్డింగులు దొరుకుతాయి. మొదట న్యూయార్క్ వినకండి, బెంబేలెత్తిపోతారు. రద్దీ తక్కువున్న చోటు ఎంచుకోండి. మొదటిసారి అంకెలు మాత్రం కాగితం మీద రాయండి. రెండోసారి కాల్‌సైన్లు (రేడియోలో విమానాన్ని పిలిచే పేర్లు). మూడోసారి ఎవరు ఏమడిగారో తెలుగులో చెప్పుకోండి. తర్వాత ఇంగ్లీషులో. బ్రిటిష్, అమెరికన్ యాసలకే పరిమితం కావొద్దు. మీరు రోజూ వినబోయేది గల్ఫ్, సింగపూర్, శ్రీలంక, థాయ్ సిబ్బందిని.

మామూలు ఇంగ్లీషు కోసం ఇంకో ఆట. ఒక వస్తువు పేరు చెప్పకుండా దాన్ని వివరించడం. 'హైడ్రాలిక్ లీక్' అనే మాట రాకపోతే "సమ్ ఫ్లూయిడ్ ఈజ్ కమింగ్ అవుట్ నియర్ ద లెఫ్ట్ వీల్" అంటే చాలు, పని జరుగుతుంది. మాట తెలియనప్పుడు చుట్టుతిరిగి చెప్పగలగడం లెవెల్ 4 పదసంపదలో అడిగేదే. ప్రమాదం లాంటి ఫొటో ఒకటి తీసుకుని, రెండు నిమిషాలు ఆగకుండా ఏం కనిపిస్తోందో చెప్తూ రికార్డు చేయండి: రన్‌వే మీద కుక్క, పేలిన టైరు, పొగ, వరద నీరు. మన వాడుక ఇంగ్లీషుకి విదేశీ అర్థం వేరుగా ఉండే మాటల చిట్టా కూడా రాసుకోండి. 'పాస్డ్ అవుట్' నా చిట్టాలో మొదటిది. 'కైట్' రెండోది. సంక్రాంతి రోజుల్లో బేగంపేటలో పైలట్ "కైట్స్ ఆన్ ఫైనల్" (రన్‌వేకి దిగే చివరి దారిలో కైట్లున్నాయి) అంటే గద్దలా, గాలిపటాలా? గద్దలైతే పక్షులను తరిమేవాళ్లను పంపాలి, గాలిపటాలైతే పోలీసులకు చెప్పాలి. "కన్ఫర్మ్ బర్డ్స్?" అని అడిగితే రెండు సెకన్లలో తేలిపోతుంది.

అమీర్‌పేట కోర్సు సంగతి. నలుగురిలో నోరు విప్పడానికి భయపడే స్థితిలో ఉంటే చేరండి, అక్కడ మీలాంటివాళ్లే ఉంటారు, బెరుకు పోతుంది. కానీ ఇంటర్వ్యూ ఇంగ్లీషు, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" బట్టీ పట్టించడమే అయితే మీకు ఉపయోగం తక్కువ. చేరేముందు ఒక రోజు క్లాసులో కూర్చుని, విద్యార్థి ఎన్ని నిమిషాలు మాట్లాడుతున్నాడో చూడండి. మాస్టారే గంటంతా మాట్లాడితే డబ్బు కట్టకండి. ఫ్రేజియాలజీ గురించి బెంగ అక్కర్లేదు, ట్రైనింగ్‌లో మొదటినుంచీ నేర్పి, సిమ్యులేటర్‌లో నూరిపోస్తారు. మీరు ముందే తప్పుగా బట్టీ పట్టి వెళ్తే దాన్ని వదిలించడం మా ఇన్‌స్ట్రక్టర్లకు రెట్టింపు పని.

ఎంత బాగా మాట్లాడేవాళ్లైనా సరే, ఇంగ్లీషు సొంత భాష అయిన పైలట్లతో మీకు ఇబ్బంది వస్తుంది. వాళ్లు వాడుక మాటలు విసురుతారు, వేగంగా మాట్లాడతారు. తప్పు మీలో ఉందనుకోకండి. అర్థమయ్యేలా మాట్లాడే బాధ్యత వాళ్లదీను, ఐకావో నియమాలు వాళ్లకూ వర్తిస్తాయి. "సే అగైన్ స్లోలీ" అని ఒకసారి అడగండి, అర్థం కాకపోతే రెండోసారి అడగండి. నా డ్యూటీలో ఒక అమెరికన్ కెప్టెన్‌ని మూడుసార్లు అడిగాను, నాలుగోసారి ఆయనే ఒక్కో మాట విడమరిచి చెప్పి, "థ్యాంక్యూ ఫర్ చెకింగ్" అన్నాడు.

మీ బావకి కొన్ని మాటలు. రీడ్‌బ్యాక్‌లో రన్‌వే, లెవెల్, హెడింగ్, క్యూఎన్‌హెచ్, స్క్వాక్ కోడ్ (రాడార్‌లో విమానాన్ని గుర్తించే నంబరు) లాంటివి ఏవీ మింగేయకూడదు. కాల్‌సైన్ చెప్పకుండా మాట ముగించకూడదు. చేయలేని పని ఇస్తే "అనేబుల్" అనాలి. తుఫాను మబ్బు ఎదురుగా కనిపిస్తున్నా కంట్రోలర్ చెప్పారు కదా అని అటే తిరిగిన విద్యార్థి పైలట్లను నేను చూశాను. కంట్రోలర్‌కి ఆ మబ్బు కనిపించకపోవచ్చు. ఆర్‌టీఆర్ (పైలట్ రేడియో లైసెన్స్) పరీక్షకు అందరూ ప్రశ్నాపత్రాలు బట్టీ పడతారు, అతన్ని మీతో కూర్చోబెట్టుకుని రోజూ అరగంట మీరు కంట్రోలర్, అతను పైలట్‌గా మాట్లాడుకోండి. ఫోన్‌లోనైనా సరే. నిజానికి ముఖం కనిపించకుండా ఫోన్‌లో చేస్తేనే మేలు, రేడియోలో కూడా ముఖం ఉండదు కాబట్టి. సిగ్నల్ సరిగా లేని చోటు నుంచి చేస్తే ఇంకా మంచిది.

మొదటి వారం రికార్డింగ్ ఒకటి దాచుకోండి, ఎనిమిదో వారంలో అదే ఫొటో గురించి మళ్లీ మాట్లాడి రెండూ పక్కపక్కన వినండి. కావాలంటే రెండూ ఇక్కడే పెట్టండి. నేను విని, చివరి 'ఉ'లు ఎక్కడున్నాయో, ఎక్కడ ఆగిపోయారో రాసి పంపుతాను.